ఫ్యాక్టరీ "పైసా తీసుకోలేదు" అంటే ఎలా నమ్మాలి? వలస కార్మికుల నియామక ఖర్చులపై చర్చ

కొనుగోలు_డెస్క్

అందరికీ నమస్కారం. ఇలాంటి ఒక ఫ్యాక్టరీ ఉందనుకుందాం: విదేశాల నుంచి వచ్చిన కార్మికులు 600 మంది, మూడు దేశాలవాళ్లు, తెచ్చినవి ఐదారు ఏజెన్సీలు. "కార్మికుల దగ్గర ఎలాంటి నియామక రుసుమూ వసూలు చేయం" అని ఫ్యాక్టరీ విధాన పత్రంలో ఉంది. "నేనేమీ కట్టలేదు" అని ఒక్కో కార్మికుడూ సంతకం పెట్టిన కాగితం ఫైల్లో ఉంది. ఏటా జరిగే ఆడిట్‌లో తప్పేమీ దొరకలేదు. కొనుగోలుదారు, అంటే ఆ ఫ్యాక్టరీ సరుకు కొనే సంస్థ, వైపు ఉన్నవాళ్లు ఇందులో నిజమెంతో ఎక్కడ మొదలుపెట్టి తేల్చుకోవాలి? డబ్బు కట్టారని తేలితే తర్వాత ఏం చేయాలి? ఈ పని దగ్గరగా తెలిసినవాళ్లు వివరంగా చెప్పాలని కోరుతున్నాను.

తనిఖీదారు

కార్మికులను అడిగే ముందు ఫ్యాక్టరీ ఖాతాలు అడగండి. ఏజెన్సీకి ఫ్యాక్టరీ మనిషికి ఎంత కట్టింది? అసలు విషయం ఈ ఒక్క ప్రశ్నలోనే బయటపడుతుంది.

ఒక మనిషి వేరే దేశం వెళ్లి పనిలో చేరాలంటే ఎవరో ఒకరు కట్టక తప్పని ఖర్చులు ఉంటాయి: విమాన టికెట్, వీసా, వర్క్ పర్మిట్, బయలుదేరే ముందు వైద్య పరీక్ష, దిగాక మళ్లీ వైద్య పరీక్ష, పోలీసు ధ్రువపత్రం, నైపుణ్య పరీక్ష, ప్రయాణానికి ముందు ఇచ్చే శిక్షణ, బీమా, ఊరి నుంచి నగరానికి రాకపోకలు, అక్కడ బస, వీటన్నిటి మీద ఏజెన్సీ సేవా రుసుము. ఇవన్నీ కార్మికుడి స్వదేశం నుంచి చేరే దేశానికి ఎంతవుతాయో ముందు ఒక కాగితం మీద కూడండి. ఆ తర్వాత గత రెండు మూడేళ్ల ఏజెన్సీ ఇన్‌వాయిస్‌లు, వాటికి సరిపోయే బ్యాంకు చెల్లింపులు తెప్పించండి. 40 మంది బ్యాచ్ దిగితే 40 టికెట్ల డబ్బు ఎవరి ఖాతా నుంచి పోయింది? మీరు కూడిన మొత్తానికీ ఫ్యాక్టరీ కట్టినదానికీ తేడా ఉంటే, ఆ తేడా కార్మికుడి జేబులోంచి పోయినట్టే లెక్క.

"మా ఏజెన్సీ ఉచితంగా మనుషుల్ని పంపిస్తుంది" అని ఫ్యాక్టరీ గర్వంగా చెప్పిందంటే ఇక వెతకాల్సిన పని కూడా లేదు. ఏ ఏజెన్సీ ఉచితంగా పని చేయదు. కొన్నిచోట్ల ఇంకా ఘోరం: డిమాండ్ లెటర్ (ఇంతమంది కార్మికులు కావాలని ఫ్యాక్టరీ ఇచ్చే లేఖ) ఇచ్చినందుకు ఏజెన్సీయే ఫ్యాక్టరీ అధికారికి తలకింత అని కమీషన్ ఇస్తుంది. ఆ సొమ్ము చివరికి కార్మికుడి అప్పులోనే కలుస్తుంది.

నియామక_విభాగం

తనిఖీదారు గారు చెప్పింది నిజమే. ఫ్యాక్టరీల నియామక విభాగాల్లో తిరిగే ఒప్పంద పత్రాలను బట్టి దానికి ఇంకో ముక్క కలపాలి. ఇన్‌వాయిస్ మొత్తం సరిపోయినా ఒప్పందం నిబంధనలే వసూళ్లను పుట్టిస్తాయి. రెండు నిబంధనలు ముఖ్యంగా చూడండి.

మొదటిది ప్రత్యామ్నాయ హామీ. "పంపిన కార్మికుడు మూడు లేదా ఆరు నెలల్లో వెళ్లిపోతే ఏజెన్సీ తన ఖర్చుతో ఇంకొకరిని పంపాలి" అని దాదాపు ప్రతి ఒప్పందంలోనూ ఉంటుంది. చూడ్డానికి మామూలు వ్యాపార షరతే. ఏజెన్సీ మాత్రం ఆ నష్టభయాన్ని తన మీద ఉంచుకోదు. కార్మికుడి దగ్గర డిపాజిట్ తీసుకుంటుంది, లేదా ఇంటివాళ్లతో హామీ పత్రం రాయించుకుంటుంది. పనిలో హింస ఉన్నా, జీతం తప్పినా అతను వెళ్లలేకపోవడానికి కారణం ఇదే. ఈ నిబంధన తీసేయండి. ఉంచక తప్పకపోతే ఏజెన్సీ తప్పు చేసిన సందర్భాలకే పరిమితం చేయండి, అంటే నైపుణ్యం గురించి అబద్ధం చెప్పడం, వైద్య పరీక్ష చేయించకుండా పంపడం లాంటివి.

రెండోది చెల్లింపు గడువు. కార్మికుడు దిగిన 60 రోజులకు డబ్బు ఇస్తామంటే, టికెట్‌కీ వీసాకీ ఆ రెండు నెలలు పెట్టుబడి ఎవరిది? చిన్న ఏజెన్సీ దగ్గర అంత సొమ్ము ఉండదు. కార్మికుల దగ్గర తీసుకుంటుంది, తర్వాత తిరిగి ఇస్తానంటుంది, ఇవ్వదు. అందుకే ఎంపిక పూర్తవగానే కొంత, వీసా రాగానే కొంత, దిగాక మిగతాది ఇవ్వాలి. టికెట్‌ను మాత్రం ఫ్యాక్టరీయే నేరుగా కొనడం మేలు.

కొనుగోలు_డెస్క్

చాలా ఉపయోగపడింది. మరి ఏవి నియామక రుసుము కిందికి వస్తాయి, ఏవి రావు? "పాస్‌పోర్ట్ అతని సొంతం, దానికి మేమెందుకు కట్టాలి" అని సరఫరాదారులు వాదిస్తారు. కొన్ని దేశాల చట్టాలే కార్మికుడి దగ్గర కొంత తీసుకోవచ్చని చెబుతున్నాయి కదా?

చట్టం_చదువరి

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997లో చేసిన 181వ ఒప్పందం, 7వ అధికరణం: ప్రైవేటు నియామక ఏజెన్సీలు కార్మికుల నుంచి నేరుగా గానీ మరో రూపంలో గానీ, పూర్తిగా గానీ కొంత గానీ ఎలాంటి రుసుమూ ఖర్చూ వసూలు చేయరాదు. అదే అధికరణంలో పరిమిత మినహాయింపులకు దారి ఉంది, షరతులతో. ఒప్పందాన్ని ఆమోదించని దేశాలు చాలానే ఉన్నాయి కాబట్టి, కార్మికులను పంపే దేశాల చట్టాల్లో "ఇంతకు మించి తీసుకోకూడదు" అనే గరిష్ఠ పరిమితులు కనిపిస్తాయి.

న్యాయమైన నియామకంపై అదే సంస్థ 2016లో సూత్రాలు ప్రకటించింది. రుసుము అంటే ఏమిటి, సంబంధిత ఖర్చులంటే ఏమిటి అన్న నిర్వచనాన్ని 2018లో నిపుణుల సమావేశం తయారుచేస్తే 2019లో పాలక మండలి ఆమోదించింది. వైద్యం, బీమా, నైపుణ్య పరీక్షలు, శిక్షణ, పనిముట్లు, ప్రయాణం, బస, పరిపాలనా ఖర్చులు అన్నీ అందులో ఉన్నాయి. లంచాలు, పూచీకత్తులు, అక్రమ వసూళ్లు ఎవరి మీదా వేయదగిన ఖర్చులే కావని అది వేరుగా చెప్పింది. వలస కార్మికుల నియామకంపై వ్యాపార సంస్థల కోసం రాసిన 2012 నాటి ఢాకా సూత్రాల్లో మొట్టమొదటిది కూడా ఇదే: వలస కార్మికుల నుంచి రుసుము వసూలు చేయకూడదు.

స్థానిక చట్టం కొంత అనుమతించినా కొనుగోలుదారు నియమావళి (సరఫరాదారులు పాటించాలని కొనే సంస్థ పెట్టే నియమాలు) సున్నా అంటే సున్నాయే వర్తిస్తుంది. చట్టం "తీసుకోవచ్చు" అంటుంది, "తీసుకోవాలి" అనదు. కార్మికుడి తరఫున యజమాని కడితే ఏ చట్టమూ అడ్డు చెప్పదు. పాస్‌పోర్ట్ విషయంలో నియమావళులు ఒక్కోటి ఒక్కోలా ఉన్నాయి. వాదనకు దిగే ముందు మీ నియమావళిలో ఏముందో చూసి ఒప్పందంలో పేరుపెట్టి రాయండి. ఈ ఉద్యోగం కోసమే పాస్‌పోర్ట్ చేయించుకున్నవాడికి ఆ ఖర్చు ఇవ్వడమే న్యాయమని నా అభిప్రాయం.

తనిఖీదారు

ఇప్పుడు కార్మికులతో మాట్లాడే సంగతి. ఆడిట్‌లో ఏమీ బయటపడకపోవడానికి పెద్ద కారణం ప్రశ్న అడిగే తీరు. "మీరు నియామక రుసుము కట్టారా?" అని అడిగితే "లేదు" అనే జవాబే వస్తుంది. ఏజెంటు ముందే చెప్పి పంపాడు, కట్టానంటే వెనక్కి పంపేస్తారని.

ప్రయాణాన్ని మొదటి నుంచి అడుగుతూ రండి. ఈ పని ఉందని మొదట ఎవరు చెప్పారు? వాళ్ల ఊరివాడా? నగరానికి ఎన్నిసార్లు వెళ్లారు, ఎక్కడ ఉన్నారు? వైద్య పరీక్ష ఎక్కడ, డబ్బు ఎవరి చేతికిచ్చారు? విమానం ఎక్కే ముందు రోజు ఏజెన్సీలో ఏం జరిగింది? ఇంటికి నెలకు ఎంత పంపుతున్నారు, అందులో అప్పుకు ఎంత పోతోంది? ఇంకా ఎన్ని నెలలు కట్టాలి? రుసుము అన్న మాట రాకుండానే మొత్తం లెక్క బయటికొస్తుంది.

చోటు కూడా ముఖ్యం. ఫ్యాక్టరీ సమావేశ గదిలో, సూపర్‌వైజర్ పిలిచి తీసుకొచ్చిన పదిమందితో ప్రయోజనం లేదు. సెలవు రోజున బయట, లేదా ఫోన్‌లో, అతని భాషలో మాట్లాడాలి. దుబాసీ ఏజెన్సీ మనిషి గానీ ఫ్యాక్టరీలో పనిచేసే అదే దేశస్థుడు గానీ కాకూడదు. ఎంపిక మీ చేతిలో ఉండాలి: ప్రతి ఏజెన్సీ, ప్రతి దేశం, ప్రతి సంవత్సరం బ్యాచ్ నుంచి కొందరు. దిగిన మొదటి నెలలో ఒకసారి, ఆరు నెలల తర్వాత మళ్లీ ఒకసారి. రెండోసారి చెప్పేదే ఎక్కువగా నిజానికి దగ్గరగా ఉంటుంది.

వలస_సహాయం

పైన చెప్పిన సంతకాల కాగితం గురించి ఒక మాట. బయలుదేరే ముందు రోజు ఏజెన్సీ ఆఫీసులో ఆ సంతకంతో పాటు కార్మికుణ్ని కెమెరా ముందు నిలబెట్టి "నేను పైసా కట్టలేదు, ఇష్టపూర్వకంగా వెళ్తున్నాను" అనిపిస్తారు. అప్పటికి అతను మొత్తం డబ్బు కట్టేసి ఉంటాడు, పాస్‌పోర్ట్ ఏజెన్సీ దగ్గరే ఉంటుంది. కెమెరాలో ఆ మాట చెప్పకపోతే టికెట్ చేతికి రాదు. కాబట్టి అలాంటి కాగితాలు, వీడియోలు వరుసగా ఫైల్లో ఉంటే వాటిని నిర్దోషిత్వానికి రుజువుగా కాకుండా అనుమానానికి కారణంగా చూడండి.

డబ్బు కూడా ఒక్కచోట పోదు. ఊళ్లో తెలిసినవాడికి కొంత, మండల స్థాయి దళారికి కొంత, నగరంలో సబ్ ఏజెంటుకు ఎక్కువ భాగం, లైసెన్సున్న ఏజెన్సీకి రసీదుతో చట్టం అనుమతించినంత. రసీదు ఉన్నది ఆ చివరి ముక్కకే. ఏజెన్సీని అడిగితే "మేము చట్టప్రకారమే తీసుకున్నాం" అని నిజాయితీగానే చెబుతున్నట్టు కనిపిస్తుంది. ఏజెన్సీతో చేసే ఒప్పందంలో దాని కింద పనిచేసే సబ్ ఏజెంట్ల పేర్లన్నీ రాయించి, వాళ్ల వసూళ్లకు కూడా ఏజెన్సీయే బాధ్యురాలని పెట్టకపోతే మిగతా షరతులు ఎన్ని రాసినా పనికిరావు.

లెక్కల_పట్టిక

డబ్బు కట్టారని తేలాక తిరిగి ఇవ్వాల్సిన మొత్తం ఎలా లెక్కకట్టాలన్నది నేను చెబుతాను. ఏ దేశానికైనా పనికొచ్చేలా నెల జీతాల్లో చూద్దాం.

ఒక కార్మికుడు ఆరు నెలల జీతమంత కట్టాడు. మొత్తం అప్పే, నెలకు నూటికి 3 వడ్డీ. నెలకు అర జీతం చొప్పున అసలు తీరుస్తూ 12 నెలల్లో పూర్తిచేశాడు. నెలనెలా మిగిలి ఉన్న అసలు 6, 5.5, 5 అలా 0.5 వరకు. వీటి మొత్తం 39. దాని మీద 3 శాతం అంటే 1.17. అంటే వడ్డీకే ఒక నెల జీతం దాటిపోయింది. అతనికి రావాల్సింది 6 కాదు, 7.17 నెలల జీతం. మొదటి ఏడాది అసలు తీర్చలేక వడ్డీ మాత్రమే కట్టి ఉంటే ఆ ఒక్క ఏడాదికే 2.16 నెలల జీతం పోతుంది, అసలు అలాగే ఉంటుంది. వడ్డీని వదిలేసి అసలు మాత్రమే ఇచ్చే పథకాలు చాలా ఉన్నాయి. అవి సగం న్యాయం కూడా కావు.

ఒక్కొక్కరి లెక్క వేరుగా తేల్చాలంటే ఏళ్లు పడుతుంది. అందుకే దేశం, ఏజెన్సీ, వచ్చిన సంవత్సరం ఒకటే అయినవాళ్లను ఒక గుంపు చేయండి. 80 మంది గుంపులో 25 మందిని లోతుగా అడగండి. వచ్చిన అంకెల్ని చిన్నదాని నుంచి పెద్దదానికి వరుసపెట్టి, నూటికి 75 మంది కట్టినది ఏ అంకెకు మించదో దాన్ని గుంపు మొత్తానికి తీసుకోండి. సగటు తీసుకుంటే ఎక్కువ కట్టినవాళ్లు చాలామంది నష్టపోతారు. అంతకంటే ఎక్కువ కట్టామని ఆధారం చూపినవాళ్లకు విడిగా కలపండి.

మారకపు రేటు దగ్గర గొడవ వస్తుంది. డబ్బు కట్టిన నాటి రేటు, తిరిగి ఇచ్చే నాటి రేటు రెండూ వేసి కార్మికుడికి ఏది మేలైతే అది ఇవ్వండి. చేరే దేశంలో ఈ సొమ్మును ఆదాయంగా లెక్కించి పన్ను కోస్తారేమో ముందే కనుక్కుని, కోస్తే ఆ మేరకు కలపాలి.

నియామక_విభాగం

ఇక్కడ ఒక అభ్యంతరం. రసీదు లేకుండా మాట మీద ఇస్తే ప్రతివాడూ పెంచి చెబుతాడు. ఫ్యాక్టరీ ఆర్థిక విభాగం ఒప్పుకోదు, బయటి ఆడిటర్ కూడా ఒప్పుకోడు.

లెక్కల_పట్టిక

రసీదు ఇవ్వకుండా తీసుకోవడమే ఆ వ్యాపారం తీరు. లేని రసీదు అడగడమంటే ఇవ్వనని చెప్పడమే.

పెంచి చెప్పే భయానికి మందు గుంపు పద్ధతిలోనే ఉంది. ఒక ఊరి నుంచి ఒకే ఏజెంటు ద్వారా ఒకే ఏడాది వచ్చినవాళ్ల అంకెలు సహజంగానే దగ్గరదగ్గరగా ఉంటాయి, ఎందుకంటే ఊళ్లో ఆ ఉద్యోగానికి ఒక ధర నడుస్తుంది. నిజంగా కట్టినవాడు విడతలుగా చెబుతాడు: ముందు ఇంత, వైద్య పరీక్షకు ఇంత, వీసా వచ్చాక ఇంత, చివరి రోజు ఇంత. అనుకుని వచ్చి చెప్పేవాళ్ల దగ్గర అందరిదీ ఒకే రౌండ్ అంకె ఉంటుంది, విడతలు అడిగితే పొంతన కుదరదు. ఆర్థిక విభాగానికి చూపడానికి ఈ పని పత్రాలు చాలు: ఎవరెవర్ని అడిగాం, ఏం చెప్పారు, అంకె ఎలా వచ్చింది.

వలస_సహాయం

చెల్లించేటప్పుడు జరిగే తప్పులు కొన్ని రాస్తున్నాను, ఎందుకంటే మంచి లెక్క కూడా ఇక్కడే పాడవుతుంది.

సూపర్‌వైజర్ ముందు నగదు ఇవ్వకూడదు, బ్యాంకు ఖాతాలోనే వేయాలి. జీతం చీటీలో దీన్ని విడి వరుసగా చూపాలి. లేకపోతే కొన్ని ఫ్యాక్టరీలు ఓవర్‌టైమ్ తగ్గించి ఇదే డబ్బుతో సరిపెడతాయి. "ఇక ఎలాంటి దావా వేయను" అని సంతకం తీసుకోకూడదు. వాయిదాల్లో ఇస్తే, మధ్యలో మానేసినవాడికి మిగిలినదంతా చివరి లెక్కతో పాటు ఒకేసారి ఇవ్వాలి. లేదంటే అప్పు ఉచ్చు పోయి వాయిదాల ఉచ్చు వచ్చినట్టు. మొదటి వాయిదా కనీసం సగం ఉండాలని నా గట్టి అభిప్రాయం, వడ్డీ రోజూ పెరుగుతూనే ఉంటుంది కదా.

ఇంకొకటి: డబ్బు పడిందని తెలియగానే ఊళ్లో ఏజెంటు ఇంటివాళ్ల మీద పడి వాటా అడుగుతాడు. అది ముందే ఊహించి, ఫిర్యాదు చేయడానికి ఫ్యాక్టరీతో సంబంధం లేని ఒక ఫోన్ నంబరు కార్మికుల భాషలో ఇవ్వండి. అలా అడిగిన ఏజెంటు తాలూకు ఏజెన్సీతో ఒప్పందం రద్దవుతుందని ముందుగానే రాసి ఉంచండి.

కొనుగోలు_డెస్క్

ఇంత పని చూసి మా లాంటి సంస్థల్లో పైవాళ్లు అడిగేది ఒకటే: ఈ సరఫరాదారుణ్ని మార్చేసుకుంటే పోదా? లేదా వలస కార్మికులు లేని ఫ్యాక్టరీకి వెళ్తే?

చట్టం_చదువరి

మార్చేస్తే అప్పు కార్మికుడి నెత్తినే ఉంటుంది, పని మాత్రం పోతుంది. మీ చేతిలో ఉన్న ఒత్తిడి కూడా ఆ రోజుతో అయిపోతుంది. సరఫరాదారు తిరిగి చెల్లించడానికి ఒప్పుకోనప్పుడు, గడువు ఇచ్చి, ఆ తర్వాతే వెళ్లాలి.

వ్యాపార కోణం కూడా చూపండి. అమెరికా 1930 సుంకాల చట్టం 307వ సెక్షన్ బలవంతపు శ్రమతో తయారైన సరుకు దిగుమతిని నిషేధిస్తుంది. దేశీయ గిరాకీ తీరకపోతే దిగుమతి చేసుకోవచ్చన్న పాత మినహాయింపు 2016లో పోయింది. మలేసియా చేతి తొడుగుల సంస్థ టాప్ గ్లవ్‌కు చెందిన రెండు అనుబంధ సంస్థల సరుకును 2020 జూలైలో అమెరికా కస్టమ్స్ ఆపింది. బయటపడిన బలవంతపు శ్రమ సూచికల్లో అప్పుల బంధనం (అప్పు వల్ల పని మానలేని స్థితి), గుర్తింపు పత్రాలు పట్టుకోవడం ఉన్నాయి. 2021 సెప్టెంబరులో నిషేధం ఎత్తేసేనాటికి కార్మికులకు 3 కోట్ల డాలర్లకు పైగా పరిహారం చెల్లించినట్టు కస్టమ్స్ శాఖే ప్రకటించింది. మొదటే యజమాని నియామక ఖర్చు పెట్టుకుని ఉంటే అంత దూరం వచ్చేది కాదు. ఐరోపా సమాఖ్య 2024లో తెచ్చిన బలవంతపు శ్రమ నిషేధ నిబంధన 2027 డిసెంబరు 14 నుంచి అమలవుతుంది.

లెక్కల_పట్టిక

ధర సంగతి కూడా పైవాళ్లకు అంకెల్లో చూపండి. న్యాయంగా తెస్తే మనిషికి రెండు నెలల జీతమంత ఖర్చయిందనుకోండి, ఒప్పందం 24 నెలలు. జీతాల ఖర్చు మీద 8.3 శాతం పెరుగుతుంది. వస్తువు ధరలో కూలీ వాటా 15 శాతమైతే వస్తువు మీద పడేది 1.25 శాతం. ఇంతేనా అని ఆశ్చర్యపోతారు. ఈ మొత్తాన్ని కొనుగోలు ధరలో విడి వరుసగా, బేరానికి లొంగని అంకెగా పెట్టాలి. ధర ఏటా తగ్గించమంటూ నియామకం సున్నా రుసుముతో చేయమనే కొనుగోలుదారు తానే ఆ రుసుమును కార్మికుడి మీదికి తోస్తున్నాడు.

ఆర్డర్ గడువు కూడా అంతే. అనుమతులు మొదలు విమానం దాకా నెలలు పట్టే పని ఇది. మూడు వారాల్లో రెట్టింపు సరుకు కావాలంటే ఫ్యాక్టరీ ఆ దేశంలోనే ఉన్న కూలీ కాంట్రాక్టర్‌ను పిలుస్తుంది. వాళ్లు ఎలా వచ్చారో, ఎంత కట్టారో ఎవరికీ తెలియదు.

తనిఖీదారు

ఆ మాట మీదే: క్యాంటీన్, శుభ్రత, సెక్యూరిటీ, లోడింగ్ పనుల్లో కాంట్రాక్టర్ మనుషులు ఉంటారు. వాళ్లు ఫ్యాక్టరీ జీతాల రిజిస్టర్‌లో ఉండరు కాబట్టి ఆడిట్ నమూనాలోనూ ఉండరు. గేటు దగ్గర హాజరు లెక్కనూ జీతాల రిజిస్టర్‌నూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తెలిసిపోతుంది.

పాస్‌పోర్ట్‌ల విషయంలో "కార్మికుడి కోరిక మీదే భద్రపరిచాం" అనే సమ్మతి పత్రాన్ని ఒప్పుకోకండి. గదిలో ఒక్కొక్కరికీ తాళమున్న పెట్టె, తాళంచెవి అతని దగ్గర. అదొక్కటే సరైన ఏర్పాటు. వీసా పొడిగింపుకు తీసుకుంటే తీసుకున్న తేదీ, ఇచ్చిన తేదీ సంతకంతో నమోదు కావాలి.

కాంట్రాక్ట్ రెండు చోట్ల చూడండి: స్వదేశంలో అతని భాషలో సంతకం చేసినది, దిగాక సంతకం చేయించినది. మూల వేతనం, కోతలు, బస ఖర్చు, మానేస్తే జరిమానా. ఈ నాలుగు వరుసల్లో ఎక్కడైనా తేడా ఉంటే అది మోసమే.

నియామక_విభాగం

రసీదుల గురించి లెక్కల_పట్టిక గారి వాదన ఒప్పుకుంటున్నాను, గుంపు పద్ధతి ఆర్థిక విభాగానికి చూపించదగ్గదే. ఒక సందేహం మిగిలింది. ఇప్పటికే పని మానేసి స్వదేశం వెళ్లిపోయినవాళ్ల సంగతేమిటి?

వలస_సహాయం

వాళ్లకూ ఇవ్వాలి. ఎంత వెనక్కి వెళ్లాలన్నది ఫ్యాక్టరీతో ముందే తేల్చుకోండి. కొనుగోలుదారు ఆ ఫ్యాక్టరీతో వ్యాపారం మొదలుపెట్టిన నాటి నుంచి పనిచేసినవాళ్లందరినీ చేర్చడం న్యాయం.

వెతకడం అనుకున్నంత కష్టం కాదు. చివరి జీతం పంపిన ఖాతా, చేరేటప్పుడు రాసిచ్చిన ఇంటి ఫోన్ నంబరు జీతాల విభాగంలో ఉంటాయి. అంతకంటే బాగా పనిచేసేది ఒకే బ్యాచ్‌లో వచ్చి ఇంకా పనిలో ఉన్నవాళ్లు. వాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో పాతవాళ్లు ఉంటారు. ప్రకటన వాళ్ల భాషలో, ఆడియోగా కూడా పంపండి, చదవలేనివాళ్లు ఉంటారు. ఎవరైనా చనిపోయి ఉంటే డబ్బు కుటుంబానికి చేరాలి, అందుకు ఏ పత్రాలు కావాలో ప్రకటనలోనే చెప్పండి. ఏజెన్సీ ద్వారా మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పంపొద్దు. డబ్బు కోరడానికి కనీసం ఏడాది గడువు ఉంచి, ఆ మొత్తాన్ని ఫ్యాక్టరీ నడిపే ఖాతాలో కాకుండా విడి ఖాతాలో వేయించండి. అలా వేయకపోతే ఆరు నెలలకు ఆ డబ్బు వేరే ఖర్చులకు వెళ్లిపోతుంది, తర్వాత ఫోన్ చేసినవాడికి "గడువు అయిపోయింది" అని చెబుతారు.

కొనుగోలు_డెస్క్

అర్థమైంది. ముందుగా మూడేళ్ల ఏజెన్సీ ఇన్‌వాయిస్‌లు, బ్యాంకు చెల్లింపులు, ఒప్పందాలు, గేటు హాజరు అడగడం మొదలుపెడతాం.

తనిఖీదారు

టికెట్ల కొనుగోలు రికార్డు కూడా అదే లేఖలో అడగండి. ప్రయాణికుడి పేరు, తేదీ, డబ్బు కట్టిన ఖాతా ఈ మూడూ ఉన్న జాబితా కావాలని స్పష్టంగా రాయండి. మొత్తం ఒక్క అంకెగా పంపితే తిప్పి పంపండి.